ఉక్కపోత ఊళ్లో పాత నైట్ బొమ్మలకి రంగులు: మొదటి నుంచి చివరిదాకా

టేబుల్ మీద బొమ్మలతో ఆడే ఫాంటసీ యుద్ధపు ఆటల్లో నైట్ అంటే కవచం తొడిగిన యూరపు గుర్రపు వీరుడు. పాతకాలం నైట్ బొమ్మ గుర్రంతో కలిపి కొలిచినా చిటికెన వేలు దాటదు. ఆట ఆడేటప్పుడు దాన్ని మనం చూసేది రెండు మూడు అడుగుల దూరం నుంచి. ఈ రెండు సంగతులు మనసులో పెట్టుకుంటే సగం నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి. ఈమధ్య వీడియోల్లో చూపించే పద్ధతి వేరు. భూతద్దం కింద కూర్చుని, ఒక రంగు ఇంకో రంగులోకి ఎక్కడ మారిందో తెలియకుండా గంటల తరబడి కలుపుతారు. అది కంప్యూటర్ మీద చెక్కిన ఇప్పటి బొమ్మలకి బాగుంటుంది. 1980, 90ల నాటి బొమ్మల్ని చేత్తో పుట్టీ ముద్దలోంచి చెక్కేవారు, తర్వాత ఎక్కువగా రబ్బరు అచ్చుల్లో లోహం పోసి తీసేవారు. ముక్కు పెద్దది, వేళ్లు లావు, గుడ్డ మడతలు లోతు, గొలుసు కవచం కన్నాలు నిజంగా కన్నాల్లాగే కనబడతాయి. ఈ అతి కావాలని చేసిందే, దూరం నుంచి కనబడాలని. మన రంగు కూడా ఆ దూరానికే వేయాలి. నీడ బాగా ముదురు, వెలుగు బాగా లేత, రంగుకీ రంగుకీ మధ్య సన్నటి నల్ల గీత. ఇంతకు మించి కష్టపడితే ఆ కష్టం టేబుల్ మీద కనబడదు.

కింద రాసిందంతా విజయనగరం, శ్రీకాకుళం వైపు ఉండే గాలికీ, మన బజార్లో దొరికే సామానుకీ సరిపోయేలా రాశాను. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని వేసేవాళ్లకి ఇందులో కొన్ని జాగ్రత్తలు అక్కర్లేదు.

చేతిలో ఉన్నది ఏ బొమ్మ?

ఇలాంటి బొమ్మల్లో ముందుతరంవి చాలా అమెరికా నుంచి వచ్చాయి. సిన్సినాటిలోని రాల్ పార్థా అనే బొమ్మల కంపెనీ 1975లో మొదలైంది, గ్రెనేడియర్ కూడా ఆ కాలానిదే. ఇంగ్లండులో సిటాడెల్ 1970ల చివర్లో పుట్టింది. 1983లో వార్‌హామర్ ఆట వచ్చాక నైట్‌లకి ఒక పెద్ద లోకమే దొరికింది. 1996లో వచ్చిన అయిదో కూర్పు పెట్టెలో, ఆ ఆటలోని బ్రెటోనియా అనే రాజ్యపు నైట్‌లు ప్లాస్టిక్‌లో వచ్చారు. సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా తగిలేవి ఇవే. 2015లో ఆ ఆట ఆగిపోయింది. 2024 జనవరిలో 'ది ఓల్డ్ వరల్డ్' పేరుతో తిరిగి వచ్చింది. అప్పటి నుంచి అటకల మీద పెట్టెలన్నీ కిందికి దిగుతున్నాయి.

మనకి ఇవి వచ్చే దారి ఒకటే: విదేశాల్లో ఉన్న బంధువులెవరైనా సెలవులకి వస్తూ సూట్‌కేసులో పడేసుకు తేవడం. వచ్చేటప్పటికే ఎవరో ఒకరు వాటికి రంగు పూసేసి ఉంటారు. అందుకని మొదటి పని రంగు వేయడం కాదు, తీయడం.

దానికి ముందు బొమ్మ దేనితో చేసిందో తేల్చుకోండి. తేలిగ్గా ఉండి గోరుతో కొడితే టిక్ మంటే ప్లాస్టిక్. బరువుగా ఉంటే లోహం. రంగు లేని అడుగు భాగాన్ని తెల్ల కాగితం మీద రాసి చూడండి, బూడిదరంగు గీత పడితే సీసం బాగా కలిసినట్టే. 1990ల్లో చాలా కంపెనీలు సీసం మానేసి తగరం ఎక్కువున్న తెల్ల లోహానికి మారాయి. అంతకు ముందువన్నీ సీసం బొమ్మలే అనుకుని పని చేయడం మంచిది. ఆకురాయి పట్టేటప్పుడు పొడి లేవకుండా బొమ్మని తడిపి పట్టండి, కింద తడి పేపరు పరవండి, పనయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. వంటింటి గట్టు మీద ఈ పని వద్దు. ఇంకో మాట: బ్రష్ మొన సూదిగా రావడానికి పెదాల మధ్య పెట్టి లాగే అలవాటు చాలామందికి ఉంటుంది. ఈ బొమ్మల దగ్గర ఆ అలవాటు పూర్తిగా మానుకోవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో రంగు లేని సీసం బొమ్మని బయట వదలకండి.

పాత రంగు వదిలించడం

ప్లాస్టిక్ బొమ్మకి మందుల షాపులో దొరికే గోధుమరంగు డెట్టాల్ చాలు. నీళ్లు కలపకుండా ఒక గాజు సీసాలో పోసి, బొమ్మని ముంచి, మూత బిగించి ఒక రోజు వదిలేయండి. మర్నాడు గ్లవ్స్ వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే రంగు తోలులా ఊడి వస్తుంది. ఇక్కడే చాలామంది తొందరపడి కుళాయి కింద పెడతారు. డెట్టాల్‌కి నీళ్లు తగిలిన మరుక్షణం ఊడిన రంగంతా జిగురు ముద్దయి బొమ్మకే అంటుకుంటుంది. ముందు ఇంకో గిన్నెలో శుభ్రమైన డెట్టాల్ కొంచెం పోసి అందులో జాడించండి. ఆ తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ వేసి తోమండి. నీళ్లు చివరికి. ఇంట్లో ఆసుపత్రి వాసన వస్తుంది, ఎవరో ఒకరు సణుగుతారు, మేడ మీద చేసుకోండి.

లోహపు బొమ్మకయితే అసిటోన్ వాడొచ్చు, పని బేగి అయిపోతుంది. అప్పట్లో ఎనామెల్ రంగులు వేసిన బొమ్మలకి డెట్టాల్ లొంగకపోతే ఇదే దిక్కు. కిటికీలు తెరిచి, దీపం, అగ్గి దగ్గర్లో లేకుండా చూసుకోండి. ప్లాస్టిక్ డాలుగానీ ప్లాస్టిక్ గుర్రంగానీ అతికించి ఉంటే ముందే విడదీయాలి. అసిటోన్ తగిలితే ఆ ప్లాస్టిక్ కరిగి ఆకారమే పోతుంది. 1980ల చివరి బొమ్మల్లో లోహపు నైట్, ప్లాస్టిక్ గుర్రం జోడీలు చాలా ఉన్నాయి, జాగ్రత్త.

రంగు పోయాక కొన్ని సీసం బొమ్మల మీద తెల్లటి పొడి కనబడుతుంది. సీసం తుప్పు అది. చెక్క బీరువా, అట్టపెట్టె వదిలే ఆమ్లపు ఆవిరికి గాలిలో చెమ్మ తోడైతే సీసం పైపొర తెల్లటి పొడిగా మారిపోతుంది. ఆ పొడి విషం. పొడిగా గోకకుండా తడి బ్రష్‌తో తుడిచి, ఆరబెట్టి, వెంటనే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పొర) వేసేయండి. మన సముద్రపు గాలికి అలా వదిలేస్తే మళ్లీ మొదలవుతుంది.

అతుకులు, బల్లెం

అచ్చు రెండు సగాలు కలిసిన చోట బొమ్మ చుట్టూ సన్నటి గట్టు ఉంటుంది. బ్లేడు వీపుతో గీకి, సూది ఆకురాయితో నునుపు చేయండి. శిరస్త్రాణం మీదా, గుర్రం మెడ మీదా మిగిలిపోతే తర్వాత లోహపు రంగు వేసినప్పుడు గీత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మిగతా చోట్ల కొంచెం ఉన్నా ఫరవాలేదు.

నైట్‌ని గుర్రానికి ఇప్పుడే అతికించకండి. విడివిడిగా పాత మాత్రల సీసాల మూతల మీద నిలబెట్టి రంగు వేసుకుంటే జీను కింద, కాళ్ల లోపల బ్రష్ వెళ్తుంది. డాలు కూడా విడిగానే. బరువైన లోహపు ముక్కలు ఫెవిక్విక్ ఒక్కదానితో నిలవవు. ఒక మిల్లీమీటరు బిట్‌తో రెండు వైపులా రంధ్రం చేసి, జెమ్ క్లిప్పు ముక్క పెట్టి అతికించండి. సందులు పూడ్చడానికి ఎం‌-సీల్ సరిపోతుంది. రెండు ముద్దల్నీ సమానంగా, శనగ గింజంత చొప్పున కలపండి, తడి వేలితో సర్దండి.

పాత లోహపు బల్లేలు వంగిపోయి వస్తాయి. సాగదీసి సరిచేస్తే రెండోసారి విరుగుతాయి. వాటిని కోసేసి కొత్తవి పెట్టడమే మేలు. సైకిల్ ఊచ రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, బలంగా ఉంటుంది, కానీ ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే లావు. బల్లెం మొన వైపు సన్నబడాలి. బాగా ఎండిన కొబ్బరి ఈనెకి ఆ సన్నబడటం పుట్టుకతోనే ఉంది. చీపురులోంచి తిన్నగా ఉన్నది ఒకటి ఏరి, కావలసిన లావున్న చోట కోసి, పల్చటి ఫెవిక్విక్ పట్టించి ఆరనిస్తే గట్టిపడుతుంది. పిడికిలి ముందుండే గిన్నెలాంటి భాగాన్ని పాత బల్లెం నుంచి కోసి దీనికి దూర్చండి.

ప్రైమర్: వాతావరణం చూసుకునే పని

ప్రైమర్ లేకుండా లోహం మీద అక్రిలిక్ రంగు నిలవదు, వేలు తగిలిన చోటల్లా ఊడిపోతుంది. వాహనాల రంగులు అమ్మే షాపుల్లో దొరికే స్ప్రే ప్రైమర్ లోహానికి బాగానే పడుతుంది. ప్లాస్టిక్ మీద మాత్రం ముందు పనికిరాని ముక్క మీద కొట్టి చూసుకోండి, అందులోని థిన్నర్ ఘాటయినదైతే ప్లాస్టిక్‌ని తింటుంది.

మా వీధిలో బళ్లకి టచింగ్ చేసే ఆయన్ని ఆగస్టులో స్ప్రే గురించి అడిగితే డబ్బా చేతిలోంచి లాక్కుని పక్కన పెట్టేశాడు. "ఈ ఉక్కలో కొట్టకండి బాబూ, తెల్లగా పట్టెస్తాది" అన్నాడు. ఆయన చెప్పినదానికి కారణం ఉంది. స్ప్రేలోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు బొమ్మ పైభాగం చల్లబడుతుంది, గాలిలో చెమ్మ ఎక్కువుంటే అది అక్కడే తడిగా దిగి పొరని తెల్లబరుస్తుంది. మే నెల మధ్యాహ్నం ఇంకో బాధ: రంగు గాలిలోనే ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుగ్గా పడుతుంది. అక్టోబరు తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ మన తీరాన్ని కొట్టింది అక్టోబరులోనే. ముసురు పట్టిన వారంలో స్ప్రే మాట తలపెట్టవద్దు. నవంబరు చివర నుంచి ఫిబ్రవరిదాకా, పొద్దున మంచు విడిపోయి ఎండ వచ్చాక పది, పదకొండు గంటల వేళ మనకి అనువైన సమయం. డబ్బాని రెండు నిమిషాలు బాగా ఊపి, జానెడు దూరం నుంచి, చేతిని ఆపకుండా పక్కకి కదుపుతూ చిన్న చిన్న విసుర్లుగా కొట్టండి.

మిగతా నెలలకి బ్రష్‌తో వేసే ప్రైమర్ తెప్పించుకోండి. వల్లెహో కంపెనీది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పలచగా రెండు సార్లు వేసి రాత్రంతా ఆరనివ్వాలి. వాన కురుస్తున్నా పని ఆగదు. నాకయితే ఇదే ఇష్టం.

ఏ రంగు ప్రైమర్ అన్నదాని మీద వాదనలు జరుగుతూనే ఉంటాయి. 80ల్లో తెలుపు వేసేవారు, 90ల్లో చాలామంది నలుపుకి మారారు. నైట్‌కి ఈ గొడవ తేలిక: కవచం తొడిగిన మనిషికి నలుపు, రంగుల గుడ్డ కప్పిన గుర్రానికీ డాలుకీ తెలుపు.

రంగులు, బ్రష్‌లు

ఫెవిక్రిల్, కామెల్ అక్రిలిక్‌లు స్టేషనరీ షాపుల్లో ఉంటాయి. గుర్రం ఒంటికి, తోలుకి, నేలకి అవి చక్కగా పనికొస్తాయి. తెలుపు, పసుపు, వెండి మాత్రం బొమ్మల కోసం చేసినవే కొనండి. మామూలు వాటిలో తెలుపు సుద్దలా పేరుకుంటుంది, వెండిలో మెరుపు రేకులు పెద్దవిగా ఉండి గుండ్రటి కవచం మీద గరుకుగా కనబడతాయి.

రంగు ఏదైనా నీళ్లతో పల్చని మజ్జిగలా చేసుకుని రెండు పొరలు వేయండి. ఫ్యాన్ గాలికి ప్యాలెట్ మీద రంగు నిమిషాల్లో ఎండిపోతుంది కాబట్టి తడి ప్యాలెట్ తప్పనిసరి. ప్లాస్టిక్ స్వీటు డబ్బా అడుగున టిష్యూ నాలుగు మడతలు వేసి తడిపి, పైన బేకింగ్‌కి వాడే పేపరు పరవండి. మూత పెడితే రంగు మర్నాటికీ తడిగానే ఉంటుంది. మన దగ్గర రెండు మూడు రోజులకి బూజు వాసన వస్తుంది, టిష్యూ మార్చేయండి.

బ్రష్ మూడు సున్నాల సైజు కొనకండి. మొన బాగున్న రెండో నంబరు బ్రష్‌కి రంగు పట్టి ఉంచే పొట్ట ఉంటుంది. సున్నాల బ్రష్ మీద రంగు బొమ్మ దాకా వెళ్లేలోపే ఆరిపోతుంది. డ్రైబ్రష్‌కి, అంటే దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో ఎత్తు చోట్ల మాత్రమే రంగు రాసే పనికి, పాత మేకప్ బ్రష్ అడిగి తీసుకోండి. చెప్పకుండా తీసుకోవద్దు.

గుర్రం

ముందు గుర్రం పూర్తి చేయండి. అందరూ నైట్ మీద శ్రమంతా పెట్టి గుర్రాన్ని ఒక్క గోధుమరంగుతో వదిలేస్తారు, కానీ టేబుల్ మీద కనబడేదాంట్లో మూడొంతులు గుర్రమే.

ఎర్ర గోధుమరంగు గుర్రానికి జూలు, తోక, మోకాళ్ల కింది భాగం నల్లగా ఉంటేనే అసలైన గుర్రంలా ఉంటుంది. రాగిరంగు గుర్రానికి జూలు కూడా అదే రంగు లేదా ఇంకా లేత. తెల్ల గుర్రం అని మనం పిలిచేది ఎక్కువసార్లు బూడిదరంగుది, ముట్టె దగ్గర, కళ్ల చుట్టూ నల్లటి చర్మం కనబడుతుంది. పదాతి దళం మొత్తానికి ఒకే రంగు బాగుంటుంది గానీ నైట్‌లకి ఒక్కొక్కరిదీ సొంత గుర్రం, రకరకాల రంగులు వేయండి.

ఎర్ర గోధుమరంగు గుర్రానికి క్రమం: ముదురు గోధుమ రెండు పొరలు. ఆరాక నల్ల వాష్, అంటే సందుల్లోకి దిగి నీడలా నిలిచే పల్చటి రంగు. వాష్ కొనకపోతే నల్ల డ్రాయింగ్ ఇంకు ఒక వంతు, అక్రిలిక్ మ్యాట్ మీడియం (రంగూ మెరుపూ లేని అక్రిలిక్ ద్రవం) రెండు వంతులు, నీళ్లు నాలుగు వంతులు కలిపి ఇంట్లోనే చేసుకోవచ్చు. కండరాల సందుల్లోకి దిగనిచ్చి, గుండ్రటి చోట్ల నిలిచిపోయినదాన్ని తడి బ్రష్‌తో పీల్చేయండి. తర్వాత మొదటి రంగుకి కొంచెం నారింజ కలిపి భుజం, తొడ, మెడ కండల మీద వేయండి. చివరగా ఇంకొంచెం లేత చేసి దవడ ఎముక మీద, కనుబొమ మీద ఒక్కో గీత. గిట్టలు మట్టిరంగు, ముట్టె నలుపు. అయిపోయింది.

గుర్రం మీద కప్పిన గుడ్డకి రంగుల సంగతి చెప్పాలి, ఎందుకంటే పాత బొమ్మల అందమంతా అక్కడుంది. ఎరుపుకి తెలుపు కలిపితే గులాబీ అవుతుంది, అందుకే ఎరుపుని లేత చేయాలంటే నారింజ కలపండి. పచ్చకి పసుపు, నీలానికి లేత నీలం, నలుపుకి నీలం కలిసిన బూడిద. పసుపు దేన్నీ కప్పదు. దాని కింద లేత గోధుమరంగు ఒక పొర వేస్తే రెండు పొరల్లో నిండుతుంది. తెలుపు గుడ్డని తెలుపుతో మొదలుపెడితే ఇంకెక్కడికీ పోలేం. మీగడరంగుతోనో లేత బూడిదతోనో మొదలుపెట్టి, అసలు తెలుపుని మడతల శిఖరాల మీదే వేయండి.

కవచం

కవచానికి దగ్గర దారి ఇది. బ్రష్‌ని ముదురు ఉక్కురంగులో ముంచి, టిష్యూ మీద తుడిచి, దాదాపు పొడిగా ఉన్న ఆ బ్రష్‌తో నల్ల ప్రైమర్ మీద పైనుంచి కిందికి డ్రైబ్రష్ చేయండి. రేకుల సందుల్లో నలుపు మిగలాలి. పైన నలుపూ గోధుమరంగూ కలిపిన వాష్. బాగా ఆరాక మెరిసే వెండిని రేకుల అంచుల మీద బ్రష్ మొనతో కాకుండా పక్క భాగంతో రాసుకుంటూ వెళ్లండి. అంచు తనంతట తానే రంగు లాక్కుంటుంది. శిరస్త్రాణం నెత్తిన, మోకాలి చిప్ప మీద, భుజం రేకు మీద ఒక్కో చుక్క వెండి పెట్టండి. ముఖాన్ని కప్పే రేకులోని చీలికలోకి నలుపు దింపండి, అది ఎంత ముదురయితే నైట్ అంత భయంకరంగా ఉంటాడు.

ఇత్తడి భాగాలకి మన జిల్లాలోనే పాఠం ఉంది. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనికి పేరున్న ఊరు. ఇంట్లో బుడితి చెంబు ఉంటే కిటికీ దగ్గర పెట్టి రెండు నిమిషాలు చూడండి. పసుపు కనబడేది కొద్ది చోట్లే. వెలుగు తగిలిన చోట దాదాపు తెలుపు, దాని పక్కనే ఒక్కసారిగా ముదురు గోధుమ. బొమ్మ మీద బంగారు రంగు కూడా అలాగే వేయాలి: బంగారు రంగు, ఎర్ర గోధుమ వాష్, మళ్లీ బంగారు రంగు, చివరి చుక్కకి వెండి.

లోహపు రంగు కడిగిన నీళ్లని వేరే గ్లాసులో ఉంచండి. అందులోని సన్నటి రేకులు మామూలు రంగులోకి చేరితే ఎర్ర గుడ్డ మీద మెరుపులు తేలుతాయి, అవి ఎంత కడిగినా పోవు.

ముఖం కనబడే బొమ్మలయితే కళ్ల తెల్లగుడ్డు వేయాలని తాపత్రయపడకండి. చర్మం రంగు, ఎర్ర గోధుమ వాష్, ముక్కు మీదా చెంపల మీదా లేత చర్మం రంగు. కంటి గుంటలో ముదురు గీత ఉంటే చాలు. తెల్ల చుక్క కొంచెం ఎక్కువైతే భూతాన్ని చూసినట్టు గుడ్లు మిటకరించే నైట్ తయారవుతాడు.

డాలు మీద చిహ్నం

యూరపు వీరుల చిహ్నాలకి ఒక పాత నియమం ఉంది. పసుపు, తెలుపు ఈ రెండూ 'లోహాలు', అంటే బంగారం, వెండి. ఎరుపు, నీలం, నలుపు, పచ్చ, ఊదా 'రంగులు'. లోహం మీద లోహం, రంగు మీద రంగు వేయకూడదు. నీలం మీద పసుపు సరే, నీలం మీద ఎరుపు కాదు. యుద్ధంలో దుమ్ములో దూరం నుంచి ఎవరో గుర్తుపట్టడానికి పుట్టిన నియమం ఇది. మన టేబుల్‌కీ అదే అవసరం. దీన్ని తెలిసే అతిక్రమించినవీ ఉన్నాయి, జెరూసలేం రాజ్యపు చిహ్నం వెండి మీద బంగారు శిలువలు. మీరు జెరూసలేం రాజు కాకపోతే నియమం పాటించండి.

మొదటిసారి వేసేవాళ్లు డాలుని నిలువునా రెండుగానో, నాలుగు గడులుగానో విడగొట్టి రెండు రంగులు వేస్తే చాలు. పెన్సిల్‌తో గీత గీసి, లేత రంగు ముందు నింపి, ముదురు రంగుని దాని అంచుదాకా తేవాలి. తప్పిన చోట లేత రంగుతో దిద్దండి. డాలు మీద ఉన్న గడులే గుర్రం గుడ్డ మీద కూడా, అవే రంగుల్లో, రావాలి.

మాతో ఆడే బొబ్బిలి కుర్రాడొకడు డాలు మీద పులి ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. "శిలువలూ పువ్వులూ నాకేల అన్నా, పులే ఎయ్యి" అన్నాడు. చివరికి అతని దళం మొత్తానికి ఎర్ర డాలు మీద పసుపు పులే పడింది. నియమం ప్రకారం రంగు మీద లోహం, ఇబ్బంది లేదు. గోరంత డాలు మీద పులిని ఇలా వేయాలి. ముందు ఎరుపు పని మొత్తం ముగించండి, నీడ, వెలుగు అన్నీ. లేత గోధుమరంగుని పలచగా కలిపి మూడు చుక్కలు పెట్టండి: పైన ఎడమన తల, మధ్యలో ఛాతీ, కింద కుడిన తుంటి. మూడింటినీ వంపు గీతతో కలపండి. ముందు కాళ్లు రెండూ ఎడమ వైపుకి చాచి, వెనక కాలు ఒకటి నేల మీద, ఒకటి ఎత్తి. తోక వీపు వెనక పైకి లేచి మెలి తిరగాలి. ఈ దశలో పులి బల్లిలా కనబడుతుంది, కంగారు వద్దు. ఇప్పుడు ఎరుపు తీసుకుని చుట్టూ కత్తిరిస్తున్నట్టు దిద్దండి. నడుము సన్నబడుతుంది, కాళ్ల మధ్య ఖాళీ తెరుచుకుంటుంది, ఆకారం అంతా ఈ దిద్దుబాటులోనే వస్తుంది. తర్వాత లోపల పసుపు, వీపు మీద తెలుపు కలిపిన పసుపు. చారలకి బ్రష్ అక్కర్లేదు, 0.05 మిల్లీమీటర్ల డ్రాయింగ్ పెన్నుతో అయిదారు గీతలు చాలు. ఎక్కువ చారలు వేస్తే దూరం నుంచి పులి నల్లబడిపోతుంది. పంజాకి, నాలుకకి ఒక్కో చుక్క.

బల్లెం మీద మెలి తిరిగే చారలు 90ల నాటి ముచ్చట. బల్లెం అంతా తెలుపు చేసి, సెల్లోటేప్‌ని రెండు మిల్లీమీటర్ల పట్టీగా కోసి, దాని జిగురు ఒకసారి ప్యాంటుకి అద్ది తగ్గించి, బల్లెం చుట్టూ సమానంగా చుట్టండి. టేపు అంచు వెంట పెన్సిల్ గీత గీసి టేపు తీసేయండి. ఒక చార విడిచి ఒక చార నింపండి. టేపు ఉంచి రంగు వేస్తే కిందికి పాకుతుంది, గీతకే దాన్ని వాడండి.

దళం మొత్తం వేసేటప్పుడు

గుర్రాల ఒళ్లు, కవచాలు, తోలు పటకాలు వరసపెట్టి ఒకేసారి వేయండి. గుడ్డలు, డాళ్లు మాత్రం ఒక్కో నైట్‌వీ విడిగా ముగించాలి. ఎవడి చిహ్నం వాడిది కనుక అక్కడ వరస పని చేస్తే విసుగొచ్చి రంగులు కలిసిపోతాయి.

బేస్, వార్నిష్, పెట్టె

బేస్ అంటే బొమ్మ నిలబడే అడుగు పలక. వార్‌హామర్ గుర్రపు బేస్ పాత కొలత 25 x 50 మిల్లీమీటర్లు. 'ది ఓల్డ్ వరల్డ్'లో కొలతలు పెద్దవయ్యాయి, ఏ ఆటకి వాడతారో ముందే చూసుకుని అతికించండి. ఫెవికాల్ పూసి జల్లించిన ఏటి ఇసుక చల్లడమే. నాగావళి ఇసుక బాగుంటుంది. కళింగపట్నం నుంచో భీమిలి నుంచో తెచ్చిన సముద్రపు ఇసుకైతే మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడిగి ఎండబెట్టండి, ఉప్పు మిగిలితే చెమ్మ లాగుతుంది. 90ల రూపం కావాలంటే ఇసుకకీ బేస్ అంచుకీ కూడా ముదురు గడ్డిపచ్చ వేసి, ఇసుక మీద పసుపు కలిపిన పచ్చతో డ్రైబ్రష్ చేయండి. మట్టిరంగు బేసులు ఇప్పటి మోజు, ఆ ఎర్ర, పసుపు గుడ్డల కింద అవి వెలవెలబోతాయి.

ఇప్పుడు నైట్‌ని జీను మీద, డాలుని చేతికి అతికించండి. అతుకు చోట రంగు గోకి లోహం బయటపెడితేనే ఫెవిక్విక్ పడుతుంది.

లోహపు బొమ్మలు బరువు, ఒకదానికొకటి తగిలితే రంగు లేచిపోతుంది. అందుకని ముందు మెరిసే గ్లాసీ వార్నిష్ ఒక పొర, ఆరాక మెరుపు లేని మ్యాట్ వార్నిష్ ఒక పొర, రెండూ బ్రష్‌తోనే. మ్యాట్ స్ప్రే మన చెమ్మలో బొమ్మ మొత్తాన్ని తెల్లటి మసకతో కప్పేయగలదు. మ్యాట్ సీసాని బాగా ఊపండి, మెరుపు తగ్గించే పొడి అడుగున పేరుకుని ఉంటుంది. కవచం మెరుపు పోయిందనిపిస్తే అంచుల మీద వెండి మరోసారి తాకించండి, దాని మీద మళ్లీ వార్నిష్ వద్దు.

ఆరడానికి ఒక రోజు పూర్తిగా వదిలేయండి. దాచడానికి కొత్త ప్లైవుడ్ బీరువా, అట్టపెట్టె వద్దు, తుప్పు గురించి పైన చెప్పిందే కారణం. స్టీలు డబ్బా తీసుకుని బేసుల కింద సన్నటి అయస్కాంతపు షీటు అతికిస్తే బొమ్మలు నిలబడే ఉంటాయి, విశాఖ దాకా బస్సులో తీసుకెళ్లినా ఒరగవు. సిలికా జెల్ సంచులు రెండు పడేసి, వానాకాలంలో నెలకోసారి మూత తీసి సీసం బొమ్మల అడుగులు తిప్పి చూడండి. తెల్లటి పొడి కనబడితే ఆ బొమ్మని పక్కకి తీసి, తడి బ్రష్‌తో తుడిచి, ఆ చోటికి ప్రైమర్ అద్దేయండి.